రవ్వ ఆగిన చోటు

రెండు కుక్కల్లో దేన్ని ఎంచుకోవాలన్న విషయం మీద సత్యవేణికీ ఓబులేసుకీ ఆ చలికాలమంతా పోట్లాటే.

రెండూ మంచుదేశాల జాతులే. హస్కీ ఆడది, పేరు రవ్వ. నీలి కళ్లు, సన్నటి నడుము, ఒక్కచోట నిలవని కాళ్లు. మలమ్యూట్ మగది, పేరు బండ. గోధుమరంగు కళ్లు, వీపు మీదికి చుట్టుకున్న తోక, దూడంత ఒళ్లు. మంచు మీద జారుడుబండిని రోజంతా లాగినా రవ్వకు అలుపు లేదు. బండ నడక నిదానం, కానీ నలుగురు మనుషులు కదిలించలేని బరువును అది కదిలించేది. పేర్లు పెట్టింది ఓబులేసే. అతను పశువైద్యుడు. పెనుకొండ ఎండల్లో గొర్రెల మధ్య పెరిగినవాడు, లడఖ్‌లో ఈ కొండల నడుమ ఉన్న పరిశోధన కేంద్రానికి భార్య వెంట వచ్చి, ఆ కుక్కలే లోకంగా స్థిరపడిపోయాడు.

సత్యవేణిది విజయనగరం. మెదడు, నరాలు ఆమె చదువు. ఆమె కనిపెట్టిన దాని పేరు 'తోడు'. కుక్క మెడ చర్మం కింద ఒక చిన్న పరికరం, మనిషి చెవి వెనక వెంట్రుకకన్నా సన్నటి తీగ. ఆ రెండూ కలిశాయంటే కుక్క ముక్కుకు తగిలిన వాసన మనిషికి తగులుతుంది, కుక్క విన్నది మనిషికి వినపడుతుంది, మధ్యలో ఎంత దూరం ఉన్నా సరే. మంచుచరియల కింద పడ్డవాళ్లను ఊపిరి ఉండగానే వెతికి తీయాలని ఆమె దాన్ని చేసింది.

ఇంతవరకూ అతికించి తీసేసే పట్టీలతోనే పరీక్షలు జరిగాయి. ఇప్పుడు అసలు తీగ పెట్టాలి. పెట్టించుకునేది సత్యవేణే. చిక్కల్లా ఒక్కటే. మనిషి మెదడులో ఆ తీగకు ఒక్కసారే చోటు దొరుకుతుంది. ఒక కుక్కతో కుదిరిన మనిషికి మరో కుక్కతో కుదరదు. తీగను తీసేస్తే మళ్లీ అతకదు. ముందు కుదిరిన జాతితోనే పథకమంతా నడుస్తుంది కాబట్టి, ఏ జాతి అన్నది ఇప్పుడే తేల్చాలి.

ఆమె మనసు బండ మీద ఉంది. అందుకు కారణం సరస్సు మీద చేసిన పరీక్ష.

తోడు ఒకవైపే నడవదని ఆమెకు ఆ రోజే తెలిసింది. గడ్డకట్టిన సరస్సుకు అవతల ఒక సంచి పెట్టి, పట్టీ చెవి వెనక అంటించుకుని, అది కావాలని గట్టిగా అనుకుంది. నోటితో ఒక్క మాట అనలేదు. బండ చెవులు రిక్కించి, తిన్నగా వెళ్లి సంచిని తెచ్చింది. రవ్వ వంతు వచ్చేసరికి అది సగం దూరం పోయి ఆగింది. సత్యవేణి ఇంకా గట్టిగా అనుకుంది. రవ్వ వణికింది, వెనక్కి చూసింది, ముందుకు రెండడుగులు వేసింది. అక్కడ మంచు పగిలి ముందుకాళ్లు నీళ్లలోకి దిగబడ్డాయి. ఓబులేసు బోర్లా పడుకుని పాక్కుంటూ వెళ్లి దాన్ని బయటికి లాగాడు.

"అది పోనని చెప్తాంటే నీకు వినపడలేదా సత్యా?" కుక్కను కోటులో చుట్టుకుంటూ కేకలేశాడు. "పల్చగా ఉందని దానికి తెలిసే ఆగింది. నువ్వు తోసినావు!"

"బండ వెళ్లి వచ్చింది కదా."

"బండ అదృష్టం బాగుండి ఇంకోపక్కనుంచి పోయింది. నువ్వు బావిలో దూకమని అనుకున్నా దూకుతాది అది."

"మనుషుల్ని కాపాడ్డానికేనా ఇదంతా? చెప్పిన మాట వినని కుక్కతో ఏటి చేస్తాం?"

"చెప్పిన మాట వినే కుక్క కావల్ల నీకు. వినగూడనప్పుడు విననని చెప్పే కుక్క కావల్ల నాకు." అతను రవ్వ కాళ్లు తుడవసాగాడు.

వారం తర్వాత ఒక సాయంత్రం, కుక్కర్లో సంగటి గెలుకుతూ అతనే మళ్లీ ఎత్తుకున్నాడు. ఆ ఎత్తులో ఏదీ తొందరగా ఉడకదు, అందుకని అతని కబుర్లన్నీ పొయ్యి దగ్గరే.

"నీ తలలో పెట్టుకునేది. నీ ఇష్టమే. కాకపోతే ఒక మాట. నేను ఆపితే నువ్వు ఎప్పుడన్నా ఆగినావా?"

"లేదు," నవ్వింది సత్యవేణి.

"రవ్వ ఆపితే ఆగుతావు. దాని భయం నీ కాళ్లల్లోకి వస్తాది కాబట్టి. నీకు అట్లాంటిది ఒకటి తోడుండల్ల."

వాదనకు ఆమె దగ్గర జవాబులు చాలా ఉన్నాయి. కానీ సంగటి ముద్ద చేసి, నెయ్యి గుంట పెట్టి, అతను కంచం ముందుకు జరిపిన తీరు చూశాక ఒక్కటీ నోటికి రాలేదు. "సరే, రవ్వే," అంది.

తీగ కుదిరాక వచ్చిన రోజులు ఆమె జీవితంలో మరెప్పుడూ లేనంత బాగున్నాయి. రాళ్లకు వాసన ఉంటుందని, నిన్నటి గాలికీ ఇవాళ్టి గాలికీ తేడా ఉంటుందని ఆమెకు అప్పుడే తెలిసింది. రవ్వ ఇంటి వెనక తిరుగుతుంటే లోపల గదిలో కూర్చుని, "ఓబులేసూ, పప్పులో ఇంగువ ఎక్కువైంది," అని అరిచేది. ఓబులేసు వాసన అన్నిటికన్నా ముందు తెలిసేది. ఉన్ని, పశువుల మందు, కొంచెం మిరప్పొడి, వాటి కింద అతనిదే అయిన ఒక వెచ్చదనం. రవ్వ తోక ఊపితే ఆమె నడుములో సంతోషం కదిలేది.

మార్చిలో ఒక పొద్దున, కొండవాలు మీద వాతావరణ పరికరాలు ఉండే ఇనుప గుడిసెకు ఓబులేసు వెళ్లాడు. ఆ పరికరాలు చూసుకునే అంగ్మో అనే లడఖీ అమ్మాయికి బరువులు మోయడానికి తోడు కావాలంటే తాను వస్తానన్నాడు. కుక్కలకు ఆ రోజు సెలవు. రవ్వ గడప దాకా వెళ్లి, అతని చేతిని ఒకసారి నాకి వెనక్కి వచ్చింది.

మధ్యాహ్నం అవకముందే కొండ మీది మంచు విరిగింది. ఆ చప్పుడు సత్యవేణికి రెండుసార్లు వినపడింది, ముందు రవ్వ చెవులతో, తర్వాత తన చెవులతో. బయటికొచ్చి చూస్తే గుడిసె ఉండాల్సిన చోట ఏమీ లేదు. మంచు దాన్ని ఊడబెరికి లోయలోకి ఈడ్చుకుపోయింది. పైన, వాలు మీద, విరగని సగం ఇంకా వేలాడుతూ ఉంది. దాని మీద ఎండ సూటిగా పడుతోంది.

కుక్కల్ని చూసుకునే స్టాంజిన్, ఊరినుంచి వచ్చిన ఐదుగురు, సత్యవేణి బయల్దేరారు. రవ్వ ముందు పరిగెత్తింది. తవ్వకానికి పనికొస్తుందని బండను తాడుతో పట్టుకుని స్టాంజిన్ వెనక నడిచాడు. మంచుగడ్డలు చెల్లాచెదురుగా పడి ఉన్న ఆ మైదానంలో గుడిసె ఎక్కడుందో మనిషి చెప్పగలిగేది కాదు. రవ్వ ముక్కు నేలకు ఆనించి, మెలికలు తిరిగి, ఒక్కసారి తలెత్తింది.

సత్యవేణికి వాసన తగిలింది. అంగ్మో బట్టలకు పట్టుకుని ఉండే దేవదారు పొగ. దాని వెనకే ఉన్ని, మిరప్పొడి, వెచ్చటి ఊపిరి.

"ఉన్నారు!" అని అరిచింది. "ఇద్దరూ బతికే ఉన్నారు!"

అందరూ ముందుకు ఉరకబోయారు. అప్పుడే రవ్వ ఆగింది.

వేలాడుతున్న మంచు నీడ ఎక్కడ మొదలవుతుందో సరిగ్గా అక్కడ, ఒక ముందుకాలు ఎత్తి పట్టుకుని ఆగింది. దాని పాదాల కింది నుంచి సత్యవేణి పాదాల్లోకి ఒక సన్నటి అదురు వచ్చింది. పైన మంచు లోపల నీళ్లు దిగుతున్నాయి. ఒక పొర మీద ఇంకో పొర జారడానికి సిద్ధంగా ఉంది. ఇంకో అడుగు వేస్తే అదంతా మీదకొస్తుందని రవ్వకు తెలిసింది. కాబట్టి ఆమెకూ తెలిసింది.

"ఆగండి," అంది. చేతులు అడ్డంగా చాపింది. "ఎవరూ కదలొద్దు."

"మేడమ్, ఎంత దూరం?" స్టాంజిన్ హిందీలో అడిగాడు.

"దగ్గరే. చాలా దగ్గర."

అప్పుడు ఆ గొంతు వినపడింది. మనుషులకు వినపడేంత గట్టిది కాదు. మంచు సందుల్లోంచి రవ్వ చెవికి మాత్రమే అందింది.

"రవ్వా... దా. దామ్మా. దా తల్లీ."

మామూలుగా పిలిచినట్టే పిలుస్తున్నాడు, అన్నం గిన్నె పట్టుకుని పెరట్లో నిలబడి పిలిచినట్టు. రవ్వ గొంతులోంచి ఒక మూలుగు వచ్చింది. ఒళ్లంతా అటు లాగుతోంది, కాళ్లు మాత్రం కదలడం లేదు.

సత్యవేణి ఆపుకోలేకపోయింది. అతను కావాలి అనుకుంది. జీవితంలో దేన్నీ అంత గట్టిగా అనుకోలేదు. ఆ కోరిక తగిలి రవ్వ వణికిపోయింది, కుయ్యిమంటూ ఒకడుగు వేసింది, ఇంకొకటి వేసింది. పైన ఎక్కడో పెద్ద తలుపు మూసినట్టు దబ్బుమంది. వేలాడుతున్న మంచు అంచు నుంచి గంపెడంత ముద్ద విరిగి, దొర్లుకుంటూ వచ్చి రవ్వ పక్కనుంచి పోయింది.

"మేడమ్!" స్టాంజిన్ అరిచాడు. "దాన్ని మీరే తోస్తున్నారా? ఆపండి! పైదంతా వస్తే అందరం పోతాం, కింద వాళ్లిద్దరూ పోతారు!"

సత్యవేణి వంగి మంచు గుప్పిళ్లతో తీసుకుని ముఖానికి రుద్దుకుంది. వద్దు, వద్దు, రవ్వా, వెనక్కి రా అని అనుకుంది. రవ్వ అడుగులో అడుగు వేసుకుంటూ వెనక్కి వచ్చి, మళ్లీ అదే చోట ఆగింది. వెనక బండ తాడు తెంచుకునేలా లాగుతోంది. దానికి తోడు లేదు, తీగ లేదు, అయినా ఓబులేసు వాసన తెలుసు. స్టాంజిన్ రెండు చేతులకూ తాడు చుట్టుకుని ఆమె వైపు చూశాడు. వదలమంటే వదిలేవాడు.

"వదలొద్దు," అంది సత్యవేణి.

ఎండ పోవాలి. ఆ వాలు మీద నీడ పడి, నీళ్లు మళ్లీ గడ్డకడితే పైన మంచుకు పట్టు చిక్కుతుంది. అంతవరకూ చేయగలిగింది ఏమీ లేదు. ఏడుగురు మనుషులు, రెండు కుక్కలు ఎండకేసి చూస్తూ కూర్చున్నారు. ఆ ఏడుగురిలో ఆరుగురికి అక్కడ నిశ్శబ్దంగా ఉంది.

సత్యవేణి మాత్రం విన్నది. అతను పిలుస్తూనే ఉన్నాడు. కాసేపు బుజ్జగించాడు. కాసేపు తిట్టాడు, "ఏమే, వినపడ్లేదా, మొండి ముండా," అని. ఒకసారి అంగ్మోతో ఏదో చెప్పి చిన్నగా నవ్వాడు. మళ్లీ "దామ్మా" అన్నాడు. పిలుపుకూ పిలుపుకూ మధ్య ఎడం పెరిగింది. తర్వాత పిలుపు ఆగి ఊపిరి వాసన ఒక్కటే మిగిలింది. ఎండ ఇంకా వాలు మీద జానెడు ఉండగా ఆ వెచ్చదనం పలచబడింది. రవ్వ ఎత్తిన కాలు కిందికి దించి, తల నేలకు ఆనించింది.

"స్టాంజిన్," అంది ఆమె. "ఇక ఒక్కరే ఉన్నారు."

నీడ పడింది. చలి బిగిసింది. ఎవరూ ఏమీ అనకుండానే రవ్వ లేచి, అంతకుముందు ఆగిన చోటు దాటి నడిచింది. బండను వదిలారు. అది వెళ్లిన చోట అందరూ తవ్వారు. వంగిపోయిన ఇనుప కప్పు కింద, దూలానికీ గోడకూ మధ్య ఉన్న ఖాళీలో అంగ్మో ప్రాణాలతో ఉంది. ఓబులేసు రొమ్ము మీద మంచు బరువంతా పడి ఉంది. అతని ముఖం రవ్వ ఆగిన వైపే తిరిగి ఉంది.

పెనుకొండలో కర్మకాండలన్నీ అయ్యాక ఓబులేసు అక్క గంగులమ్మ, సత్యవేణిని వసారాలో కూర్చోబెట్టింది. తల్లి పోయాక ఓబులేసును ఎత్తుకుని పెంచింది ఆమే. వచ్చినవాళ్లు ఏవేవో చెవిన వేసిపోయారు.

"ఏమ్మా, నిజం చెప్పు. ఆ కుక్క నిలబడిపోయిందంట గదా. నువ్వు మనసులో అనుకుంటే పోయేదంట గదా."

"పోయేది వదినా."

"పోయింటే నా తమ్ముడు బతుకుతాండెనా?"

"తెలీదు. పైన మంచంతా మీదకొచ్చేది. నాతో వచ్చినవాళ్లు ఆరుగురు."

"నీకేమో వాళ్లు ఆరుమంది. నాకు వాడు ఒగడేనమ్మా."

"నాకూ ఒక్కడే వదినా."

గంగులమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని మళ్లీ అడిగింది. "పిలిచినాడా?"

"పిలిచాడు."

"ఎవర్ని?"

"రవ్వని. కుక్కని."

"నిన్ను పిలవల్యా?"

"రవ్వ వింటే నేను వింటానని అతనికి తెలుసు."

గంగులమ్మ ఆమె చెవి వెనక వేలితో తడిమింది. తీగ ఉన్న చోట చిన్న మచ్చ తగిలింది. "ఇప్పుడూ వినపడతాదా?"

"తలుచుకుంటే చాలు. పక్కన ఉన్నట్టే."

"అయితే నువ్వన్నా విను," అంటూ ఆ మచ్చ మీదే చేయి ఉంచి, గంగులమ్మ గోడకు తల ఆనించి ఏడ్చింది.

సత్యవేణి విన్నది. పొద్దున లేవగానే, భోజనం ముందు, పడుకునేటప్పుడు విన్నది. ఉన్ని, మిరప్పొడి, "దామ్మా". తోడు ద్వారా తెలిసినదేదీ మామూలు జ్ఞాపకంలా మాసిపోదు. ఆ క్షణమే మళ్లీ వస్తుంది. మనిషి పోయాక కూడా ఇంత మిగలడం తన చేతి చలవే అనుకుని, ఆమె దాన్నే పట్టుకుని, రవ్వ నుంచి ఇప్పుడు వస్తున్న వాసనల్నీ చప్పుళ్లనీ పట్టించుకోకుండా రోజులు గడిపింది.

అప్పుడు స్టాంజిన్ ఫోన్ చేశాడు.

"మేడమ్, రవ్వ తినడం లేదు. రోజుకు నాలుగైదుసార్లు ఉన్నట్టుండి లేచి, గొలుసు తెంపుకుని ఆ వాలుకే పోతోంది. అక్కడ ఖాళీ నేలను తవ్వుతోంది. గోళ్లు ఊడి రక్తం వస్తోంది. పట్టుకొచ్చి కట్టేస్తే మళ్లీ పోతోంది."

"ఎప్పుడెప్పుడు పోతోంది?"

అతను చెప్పాడు. పొద్దున్నే. భోజనాల వేళకు. దీపాలార్పే వేళకు.

ఆమె ఓబులేసు గొంతు వినే వేళలూ అవే. తోడు రెండువైపులా నడుస్తుంది, ఎంత దూరమైనా నడుస్తుంది. అలా ఉండాలని చేసింది తనే. తాను ఓబులేసు పిలుపును తలుచుకున్న ప్రతిసారీ అక్కడ రవ్వకు అతను మళ్లీ పిలుస్తున్నాడు.

మర్నాడే బయల్దేరింది. వెళ్లేసరికి రవ్వ గూటిలో ఎముకల పోగులా పడుకుని ఉంది. తలుచుకోకూడదని ఆమె పళ్లు బిగబట్టుకుంది. తలుచుకోకూడదనుకోవడమే తలుచుకోవడమైంది. రవ్వ కట్లు కట్టిన కాళ్ల మీద తూలుతూ లేచి తలుపు గోకింది.

అదే వారంలో పథకాన్ని నడిపే పెద్దలు వచ్చారు. వాళ్లకు లెక్క తేలిపోయింది. హస్కీ ఆగింది, ఒక ప్రాణం పోయింది. ఇకమీదట మలమ్యూట్‌లే వాడదామని తీర్మానం రాసుకుని, సత్యవేణి సంతకం కోసం వచ్చారు. వాళ్లలో పెద్దాయన మెత్తగా మాట్లాడాడు. "మొదట మీరు ఎంచుకున్నది కూడా బండనే కదమ్మా. మీ మాటే మేం ఇప్పుడు అంటున్నాం."

"ఆ రోజు నేను తోశాను సార్. తోడు ఉన్నది బండతో అయితే అది పోయేది. మమ్మల్ని వెతకడానికి మీరు ఇంకొకళ్లను పంపేవారు."

"మీ భర్త పోయింది దానివల్లే. అయినా హస్కీనే అంటారా?"

"హస్కీనే అంటాను." తీర్మానం కాగితాన్ని వెనక్కి నెట్టింది. "అంగ్మోను అడగండి. అక్కడికి వచ్చినవాళ్ల ఇళ్లలో అడగండి. నన్ను మాత్రం మళ్లీ అడక్కండి. మూడోసారి అడిగితే నేను బండ అనేస్తాను."

వాళ్లు ఇక అడగలేదు. తీర్మానం హస్కీకే మారింది. మనిషి మనసు కుక్కకు చేరకుండా తోడును ఒకవైపే నడిచేలా చేయాలని ఆమె పెట్టిన షరతు కూడా ఒప్పుకున్నారు. ఆ పని ఇంకెవరో చేశారు. ఆమె అందులో ఉండనంది.

మిగిలింది రవ్వ. తన తలలోని తీగను తీసేస్తే తోడు తెగుతుంది. తోడు తెగితే దాని ద్వారా వచ్చిందంతా పోతుంది. పట్టీల రోజుల్లోనే అది తేలింది. ఏం జరిగిందో మనిషికి తెలుస్తూనే ఉంటుంది కానీ, ఆ వాసన, ఆ చప్పుడు తిరిగి రావు.

చికిత్స గదిలోకి వెళ్లేముందు అంగ్మో వచ్చింది. ఊతకర్రల మీద నడుస్తోంది. "దీదీ, ఇంకో నెల ఆగలేరా? దానికి మందులిచ్చి చూద్దాం."

"అది ఇంకో నెల ఉండదు అంగ్మో."

"మీకు ఆయన గొంతు..."

"నీకు గుర్తుంది కదా. ఉండనీ."

లోపల బల్ల మీద పడుకుని, చివరిసారి వినాలా వద్దా అని సత్యవేణి తన్నుకులాడింది. విన్నదంటే గూటిలో ఆ బక్క ప్రాణి మళ్లీ లేస్తుంది. మత్తు ఎక్కేదాకా ఆమె చిన్నప్పటి ఎక్కాలు చదువుకుంది. పదమూడో ఎక్కం దగ్గర తడబడింది. వినలేదు.

మెలకువ వచ్చేసరికి ప్రపంచం చాలా చిన్నదై ఉంది. గాలికి వాసన లేదు. ఓబులేసు పిలిచాడని తెలుసు. ఏమని పిలిచాడో తెలుసు. ఆ మాటల్ని పెదవులతో పలికి చూసింది. తన గొంతే వినపడింది.

రెండు రోజులకు లేచి కిటికీ దాకా నడిచింది. బయట స్టాంజిన్ రవ్వ ముందు గిన్నె పెట్టి, కొంచెం దూరంగా గొంతుకు కూర్చున్నాడు. రవ్వ వాసన చూసింది. ఇటూ అటూ చూసింది. తర్వాత నెమ్మదిగా తినడం మొదలుపెట్టింది.

కిటికీ ఊచలు పట్టుకుని సత్యవేణి ఓబులేసును తలుచుకుంది. ఎంత గట్టిగా తలుచుకోగలదో అంత గట్టిగా తలుచుకుంది. కన్నీళ్లు గడ్డం మీదుగా కారిపోతున్నాయి.

రవ్వ తల ఎత్తలేదు. గిన్నె అడుగు దాకా నాకి, మంచులో నాలుగు చుట్లు తిరిగి, తోక ముక్కు మీద కప్పుకుని పడుకుంది.